పేరులేని వ్యాధి

నిరుడు మన కళాశాల ఆవరణలో జరిగిన రక్తదాన శిబిరం విద్యార్థి మిత్రులకు జ్ఞాపకం ఉండియే ఉంటుంది. ఆ శిబిరం ముగిసిన నెల రోజులకు ఒక విద్యార్థి, స్టాఫ్ రూములో ఎవరూ లేని వేళ చూచి, నా వద్దకు వచ్చాడు. జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి తీసి బల్లమీద ఉంచి, తలుపు వైపు ఒకసారి చూచి, "సార్, ఇది ఎయిడ్సా?" అని అడిగాడు.

కాగితం విప్పి చదివాను. రక్తనిధి వారు అతనిని పిలిపించి, విడిగా కూర్చుండబెట్టి, అన్నీ చెప్పి ఇచ్చి పంపిన పరీక్షా ఫలితం అది. వారు చెప్పినదేదీ భయంచేత అతని చెవికెక్కలేదు. "హెపటైటిస్ సి - రియాక్టివ్" అని అందులో ఉన్నది. ఆ మాటలు నాకు క్రొత్తవి కావు. 2009లోనే అవి మా ఇంటి గడప దాటి లోనికి వచ్చాయి. వచ్చిన తరువాత ఆరు సంవత్సరాలు మా ఇంటిలో వాటిని ఎవరూ పైకి పలకలేదు.

ప్రతి సంవత్సరము ఈ సంచికకు నేను సాహిత్య వ్యాసమే వ్రాస్తూ వచ్చాను. ఈసారి కూడ దాశరథి గారి గాలిబ్ గీతాలను గూర్చి సగం వ్రాసి ఉంచాను. ఆ విద్యార్థి వచ్చి వెళ్లిన తరువాత ఆ వ్యాసం ముందుకు సాగలేదు. మా కథ అతనికి చెప్పాను. అతని కథను, ఆనవాలు తెలియని విధంగా, వ్రాయవచ్చునా అని అడిగితే కొన్నాళ్లు ఆలోచించి సరేనన్నాడు. మా అమ్మీని కూడ అడిగాను. మా చెల్లెలిని అందరికంటె ముందుగా అడిగాను. అలా ఎందుకు అడిగానో ముందు ముందు పాఠకులకే తెలుస్తుంది.

మేము ఎర్రమంజిల్ వాసులము. ఆ పేరు మన కళాశాల వంటిదే, దానిలో ఉర్దూ ఉన్నది, తెలుగు ఉన్నది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ గుట్టమీద కట్టించుకొన్న ప్రాసాదానికి 'ఇరం మంజిల్' అని పేరు పెట్టారు. ఇరం అంటే స్వర్గవనం. తెలుగువారి నాలుకమీద అది ఎర్రమంజిల్ అయినది. దానిని కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది గావున అది నిలిచినది. మా అబ్బా ఆ సమీపంలోని ఇంజనీరింగు కార్యాలయంలో గుమాస్తా. ఆ గుట్ట క్రింది ప్రభుత్వ క్వార్టరులోనే నేనూ మా చెల్లెలూ పెరిగాము. ఇంటిలో మేము మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఇక్కడ మా వారి మాటలను తెలుగులోనే వ్రాస్తున్నాను.

నేను 1984లో పుట్టాను. కాన్పు కష్టమై అమ్మీకి ఆపరేషను చేయవలసి వచ్చినది. చాల రక్తం పోయినది. రెండు సీసాల రక్తం వెంటనే కావాలన్నారు. అబ్బా రక్తం సరిపడలేదు. బంధువులు పాతబస్తీ నుండి వచ్చేసరికి ఆలస్యమవుతుందని, ఆసుపత్రి గేటు వద్ద కూర్చుండే ఒక మనిషిని ఎవరో చూపించారు. ఆ రోజులలో ప్రతి పెద్ద ఆసుపత్రి వద్ద అటువంటివారు ఉండేవారు. రక్తం అమ్ముకొని బ్రతికే నిరుపేదలు. అబ్బా అతనికి డబ్బిచ్చి, తేనీరు త్రాగించి, లోపలికి తీసుకొని వెళ్లారు. అమ్మీ బ్రతికినది. నేనూ బ్రతికాను.

ఆ మనిషి పేరు మా అబ్బాకు తెలియదు. అయినను నా చిన్నతనమంతా, ప్రతి రంజాను మాసంలో ప్రార్థన ముగించి చేతులెత్తినప్పుడు, ఆ పేరు తెలియని వానికోసం ఆయన దువా చేయడం నేను విన్నాను. "మన ఇంటికి దీపం నిలిపిన మనిషి" అనేవారు.

ఆనాటి శాస్త్రం సంగతి కొంచెము చెప్పవలెను. 1970వ దశకంలో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో హార్వీ ఆల్టర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు, రక్తం ఎక్కించుకొన్నవారికి తరువాత కాలేయపు వాపు ఎందుకు వస్తున్నదని పరిశీలించారు. కాలేయాన్ని వాచజేసే వైరసులు రెండు అప్పటికి తెలుసు. ఒకటి ఎ, రెండవది బి. 1975 నాటికి తేలినదేమనగా, ఈ రోగులలో చాలమందికి ఉన్నది ఎ కాదు, బి కూడ కాదు. మరి ఏది? ఎవరికీ తెలియదు. కనుక దానికి 'ఎ కాని బి కాని హెపటైటిస్' అని పేరు పెట్టారు. కాదు కాదు అనడమే దాని పేరు! ఒక వ్యాధికి ఇంతకంటె దిక్కులేని పేరు నేనెక్కడా చదువలేదు. 1989లో గాని దాని ఆచూకీ దొరకలేదు. కాలిఫోర్నియాలోని కైరాన్ అనే సంస్థలో మైకేల్ హౌటన్, క్వీ లిమ్ చూ, జార్జ్ కువో, ప్రభుత్వ సంస్థలో పనిచేసే డేనియల్ బ్రాడ్లీ సహకారంతో, వైరసును కంటితో చూడకుండానే దాని జన్యుపదార్థపు తునకను పట్టుకొన్నారు. అప్పుడు దానికి 'సి' అన్న అక్షరం దక్కినది. 2020లో నోబెల్ బహుమతి ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్ అనే ముగ్గురికి వచ్చినది. చూ, కువోలకు రాలేదు. అంతకుముందు 2013లో ఒక గొప్ప బహుమతిని, తన సహచరులిద్దరిని విడిచిపెట్టారన్న కారణంతోనే హౌటన్ తిరస్కరించాడు. ఆ పని నాకు నోబెల్ బహుమతి కంటె పెద్దదిగా కనిపిస్తుంది.

మా అమ్మీకి రక్తం ఎక్కించిన 1984లో ఈ వ్యాధిని పట్టే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. ఏ ఆసుపత్రినీ, ఏ మనిషినీ నిందించే వీలు లేదు. మన దేశంలో రక్తం అమ్ముకొనే పద్ధతిని నిషేధించవలసినదిగా సుప్రీంకోర్టు 1996 జనవరిలో తీర్పు చెప్పినది; 1998 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి కావడం ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో గాని జరుగలేదు. అనగా, దానికి ముందు రక్తం ఎక్కించుకొన్న తల్లులు, ప్రమాదాలలో గాయపడినవారు, శస్త్రచికిత్సలు పొందినవారు ఎందరో మన వీధులలోనే ఉన్నారు.

2009లో అమ్మీకి పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. ఆపరేషనుకు ముందు చేసే మామూలు పరీక్షలలో ఇది బయటపడినది. అప్పటికి ఇరువది అయిదు సంవత్సరాలు గడిచాయి. ఆ ఇరువది అయిదేండ్లలో ఆమెకు ఒక్కసారి కూడ కామెర్లు రాలేదు. కొంచెము అలసట ఉండేది. ఇల్లాలికి అలసట ఉంటే ఎవరు పట్టించుకొంటారు? మేమూ పట్టించుకోలేదు.

డాక్టరుగారు మమ్ములను కూర్చుండబెట్టి నిదానంగా చెప్పారు. ఇది రక్తం ద్వారా సోకేది. కలిసి భోజనం చేయడం వలన, ఒకే గ్లాసుతో నీరు త్రాగడం వలన, కౌగిలించుకోవడం వలన రాదు. చివరకు ఆయన అన్నారు: "పిల్లలిద్దరికీ కూడ పరీక్ష చేయించండి. ముఖ్యంగా, ఆ తరువాత పుట్టిన అమ్మాయికి." తల్లినుండి బిడ్డకు ఇది సోకే అవకాశం నూటికి అయిదారు మాత్రమే. కాని నేను పుట్టిన నాడు ఆమెకు రక్తం ఎక్కించారు. చెల్లెలు పుట్టినది 1988లో.

ఇంటికి వచ్చిన మరునాటినుండి అమ్మీ తన స్టీలు గ్లాసును, పళ్లెమును వేరుచేసి, వంటింటి కిటికీ దగ్గర పెట్టుకొన్నది. డాక్టరుగారు చెప్పినదంతా విన్నది గదా అంటే, "నాకు తెలుసు బేటా, అయినా నా మనసు ఒప్పదు" అన్నది. ఆ రాత్రి, చెల్లెలు నిద్రించిన తరువాత, మమ్మల్ని తండ్రీ కొడుకులను ఎదుట కూర్చుండబెట్టుకొని రెండవ మాట చెప్పినది. చెల్లెలికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. "దానికి పరీక్ష వద్దు. ఉన్నదని తేలితే ఎవరు చేసుకొంటారు? లేదని తేలినా, ఎందుకు చేయించారని నలుగురూ అడుగుతారు. నా జబ్బు పేరు ఈ గడప దాటరాదు." అబ్బా తల వంచుకొన్నారు. నాకు ఇరువది అయిదేండ్లు. ఎం.ఏ. చదివి, అప్పుడే పాఠాలు చెప్పనారంభించినవాడిని. ఇది తప్పని తెలుసు. అయినను, "సరే అమ్మీ" అన్నాను.

2011 జనవరిలో చెల్లెలి వివాహం జరిగినది.

పాఠకులలో చాలమంది కాలేయపు జబ్బు అనగానే కామెర్లు అనుకొంటారు. పసుపుపచ్చని కళ్లు, నేల ఉసిరి పసరు, పథ్యం, ఉర్దూలో యర్ఖాన్. కాని కామెర్లు అనేవి ఒక లక్షణం మాత్రమే. నీటివలన వచ్చే ఎ, ఇ రకాలు ఆర్భాటంగా వస్తాయి. 2005లో మన నగరంలోనే హెపటైటిస్ ఇ ప్రబలినప్పుడు ఆసుపత్రులు రోగులతో నిండాయి. అవి సామాన్యంగా వచ్చినట్లే పోతాయి. సి దారి వేరు. అది సోకిన నూరుగురిలో సుమారు ముప్పదిమందికి ఆరు నెలలలోపల దానంతట అదే పోతుంది. మిగిలిన డెబ్బదిమందిలో జీవితాంతం నిలిచిపోతుంది. నొప్పి లేదు, జ్వరం లేదు. అది కాలేయంలో కూర్చుండి సంవత్సరాల తరబడి మెత్తని కణజాలాన్ని కొద్ది కొద్దిగా మచ్చలుగా మారుస్తుంది. అలా నిలిచిపోయినవారిలో ఇరువది సంవత్సరాలకు నూటికి పదిహేను నుండి ముప్పదిమందికి కాలేయం గట్టిపడుతుంది. వైద్యులు సిర్రోసిస్ అంటారు. అప్పుడు కడుపులో నీరు చేరవచ్చును, రక్తపు వాంతులు కావచ్చును, మతి తప్పవచ్చును. అలా గట్టిపడిన కాలేయంలో ప్రతి సంవత్సరము నూటికి ఒకరినుండి నలుగురికి క్యాన్సరు పుడుతుంది. కొందరిలో మూత్రపిండాలను, చర్మాన్ని కూడ ఈ వైరసు పాడుచేస్తుంది, మధుమేహానికి దారితీస్తుంది. మద్యం త్రాగేవారిలో ఇదంతా మరింత వేగంగా జరుగుతుంది. మా అమ్మీ జన్మలో మద్యం వాసన చూడలేదు. అయినను, సిర్రోసిస్ అనగానే బంధువులలో ఒకరు అబ్బా ముఖం వైపు అదోవిధంగా చూచిన చూపు నాకు నేటికీ గుర్తున్నది.

ఉర్దూలో ముద్దుబిడ్డను 'జిగర్ కా టుకడా' అంటారు, కాలేయపు తునక అని. తెలుగులో కడుపుతీపి అంటాము. ప్రేమకు స్థానం గుండె అని చెప్పే భాషలే ఎక్కువ. ఉర్దూ మాత్రం జిగరును కూడ వదలలేదు. తన పేరే జిగర్ అని పెట్టుకొన్న కవి మురాదాబాదులో పుట్టాడు. ఈ మాటలు తరగతిలో చెప్పేటప్పుడు నేను చాల ఉత్సాహపడేవాడిని. 2009 తరువాత మానివేశాను.

2010లో చికిత్స మొదలైనది. ఇంటర్‌ఫెరాన్ అనే సూది వారానికొకటి. దానితో ప్రతిదినము రైబవిరిన్ మాత్రలు. ఆరు నెలలు. అబ్బా పదవీ విరమణ సొమ్ములో అధిక భాగం దానికే అయినది. సూది వేసిన రాత్రి వణుకుతో జ్వరం వచ్చేది. జుట్టు రాలినది. రక్తం పలుచబడినది. వీటన్నిటికంటె కష్టమైనది ఆమె మనసు క్రుంగిపోవడం. కిటికీ దగ్గర కూర్చుండి గంటల తరబడి మాట్లాడేది కాదు. చెల్లెలు అడిగితే "బలహీనత" అనేవాళ్లము. పెండ్లి పనుల అలసట అనేవాళ్లము. ఇంత చేయగా, చికిత్స ముగిసే నాటికి రక్తంలో వైరసు కనిపించలేదు. ఆరు నెలల తరువాత మరల కనిపించినది. ఆ చికిత్సతో నయమయినవారు ఎందరో ఉన్నారు. మా అమ్మీ అందులో లేదు. 2012లో కాలేయపు బిగువును కొలిచే స్కాను చేసి, సిర్రోసిస్ మొదలైనదన్నారు.

ఆ సంవత్సరమే మా మేనమామ కుమారునికి జెద్దాలో ఉద్యోగం కుదిరినది. వీసాకు ముందు చేసే వైద్య పరీక్షలో అతనికి కూడ ఇదే జబ్బు ఉన్నదని తేలి, 'అన్‌ఫిట్' అని ముద్ర వేసి పంపారు. అతనికి ఎవరూ రక్తం ఎక్కించలేదు. బాల్యంలో ఏ చిన్న జ్వరానికైనా సూది వేయించడం వారి ఇంటి అలవాటు. ఆ రోజులలో బస్తీ వైద్యుని బల్లమీద కిరసనాయిలు స్టౌ, దానిమీద స్టీలు పెట్టెలో మరిగే నీళ్లు, అందులో గాజు సిరంజి. నీళ్లు మరగకముందే ఎన్నిసార్లు తీశారో ఎవరు చూచారు? తరువాత ప్లాస్టిక్ సిరంజిలు వచ్చినా, ఈ శతాబ్దారంభంలో దేశవ్యాప్తంగా జరిపిన ఒక అధ్యయనంలో, మన దేశంలో వేసే సూదులలో నూటికి అరువదికి పైగా సురక్షితం కావని తేలినది. సూది వేయని డాక్టరు డాక్టరే కాదనే నమ్మకం మనలో ఇంకా పోలేదు. మా మేనమామ ఇంటివారు ఆ ముద్రను గూర్చి మాకు చెప్పలేదు. మా సంగతి మేము వారికి చెప్పలేదు. ఒకే కుటుంబంలో ఒకే జబ్బుతో రెండు ఇళ్లు, పండుగకు షీర్ ఖుర్మా ఇచ్చిపుచ్చుకొంటూ, నాలుగేండ్లు అలాగే గడిపాయి.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అనుమతి లభించినది. రోజుకొక మాత్ర, పన్నెండు వారాలు, సూది లేదు. ధర 84,000 డాలర్లు! ఒక్కొక్క మాత్ర వేయి డాలర్లు. పత్రికలో చదివి, ఆనాటి మారకపు లెక్కన యాభై లక్షల రూపాయలకు పైగా అని గుణించుకొని, పత్రిక మడిచి పెట్టాను. 2014 సెప్టెంబరులో ఆ కంపెనీ కొన్ని భారతీయ సంస్థలకు తయారీ అనుమతి ఇచ్చినది. 2015 మార్చిలో ఆ మాత్ర మన దేశపు అంగడిలోనికి వచ్చినది. తెచ్చినవారిలో ఇద్దరు మన నగరం వారే. ఒకటి సనత్‌నగర్‌లోని హెటిరో. రెండవది బంజారాహిల్స్ రెండవ నెంబరు రోడ్డులో ప్రధాన కార్యాలయం గల నాట్కో. ఆ రోడ్డు మా ఇంటినుండి నడచి వెళ్లగల దూరం. ఇరువది ఎనిమిది మాత్రల సీసా సుమారు ఇరువది వేల రూపాయలు. అమ్మీకి సిర్రోసిస్ ఉన్నందున ఆరు నెలలు వాడాలన్నారు. ఆరు సీసాలు. లక్షా ఇరువది వేలు మాకు చిన్న మొత్తం కాదు. కాని యాభై లక్షలు కాదు గదా!

మూడవ సీసా వాడుతుండగా చెల్లెలు రెండేండ్ల కొడుకుతో పుట్టింటికి వచ్చినది. బిడ్డకు జ్వరం మందు వెదుకుతూ అలమర తెరచినది. మూత మీది అక్షరాలు చదివినది. అది బి.ఎస్సీ. చదివిన పిల్ల. సీసా చేతిలో పట్టుకొని వచ్చి నన్నే అడిగినది. నేను చెప్పాను. అమ్మీ వద్దని సైగ చేస్తుండగానే, 1984 నుండి అంతా చెప్పాను.

అది ఏడుస్తుందనుకొన్నాను. ఏడ్వలేదు. ఒళ్లో ఉన్న బిడ్డ తలమీద చేయి వేసి, "వీడికి కూడానా?" అన్నది. ఆ సాయంత్రమే పంజాగుట్టలోని ఒక పరీక్షా కేంద్రానికి వెళ్లి రక్తమిచ్చాము. నేను కూడ ఇచ్చాను. ముప్పది ఒక్క సంవత్సరాల వయసులో మొదటిసారి. ఫలితం మరునాటి సాయంత్రం. ఆ రాత్రి మా ఇంటిలో ఎవరూ నిద్రించలేదు. చెల్లెలికి లేదు. కావున బిడ్డకు భయం లేదు. నాకూ లేదు.

కాగితం చూచి అమ్మీ సజదాలో పడినది. చెల్లెలు మాత్రం చెప్పులు విడువకుండా గడప దగ్గరే నిలబడి నాతో అన్నది: "లేదు కాబట్టి సరిపోయింది భాయ్‌జాన్. ఉన్నట్లయితే? నా రక్తం గురించి మీరు ముగ్గురూ కూర్చొని నిర్ణయించారు. నన్ను అడగలేదు." ఆ తరువాత ఎనిమిది నెలలు అది నాతో మాట్లాడలేదు. అమ్మీని మన్నించినది, అబ్బాను మన్నించినది. నా విషయంలో, "నీవు చదువుకొన్నవాడవు" అన్నది. ఆ మాటకు నా వద్ద నేటికీ సమాధానం లేదు.

ఆరు నెలల మందు, మరల పన్నెండు వారాల నిరీక్షణ, ఆపైన పరీక్ష. 2016లో అమ్మీ రక్తంలో వైరసు లేదని తేలినది. అబ్బా ఆ రాత్రి కూడ ఆ పేరు తెలియని రక్తదాత కోసం దువా చేశారు. నేనుండబట్టలేక, "ఇంకా అతనికోసమా అబ్బా?" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూచారు. "అతనికేమి తెలుసు? ఆ జబ్బుకు అప్పటికి పేరే లేదని నీవే చెప్పావు గదా. అతని ఒంటిలోనూ అదే ఉన్నది. అతనికి ఈ మాత్ర ఎవరు కొనిచ్చారు?" అన్నారు. అంతవరకు ఆ కోణంనుండి నేను ఆలోచించనే లేదు.

ఈ వ్యాధి ఎంత విస్తృతమో చెప్పే లెక్కలు కొన్ని ఇస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి ఇది ఉన్నది. ఆ ఒక్క సంవత్సరంలో దీనివలన సుమారు 2,42,000 మంది మరణించారు. భారతదేశంలో ఉన్నవారు సుమారు 55 లక్షలు. మన జాతీయ సర్వేలో రక్తాన్ని పరీక్షించగా నూటికి 0.32 మందిలో దీని ఆనవాలు కనిపించినది. అనగా వేయిమందికి ముగ్గురు. చిన్న సంఖ్యయే అనిపిస్తుంది. మన కళాశాల ప్రార్థనా సమావేశంలో వేయిమంది నిలబడినారనుకొంటే, వారిలో ముగ్గురు. పైగా ఇది అందరిలో సమానంగా ఉండదు. డయాలసిస్ మీద ఉన్నవారిలో, తలసీమియా వలన మాటిమాటికి రక్తం ఎక్కించుకొనే పిల్లలలో, మాదకద్రవ్యాలను సూదితో ఎక్కించుకొనేవారిలో అనేక రెట్లు అధికం. బాధ కలిగించే లెక్క మరొకటి ఉన్నది. 2022 చివరకు ప్రపంచంలోని రోగులలో తమకు ఈ జబ్బు ఉన్నదని తెలిసినవారు నూటికి 36 మంది మాత్రమే.

ఈజిప్టు సంగతి చెప్పకుండా ఉండలేను. అక్కడ 1950ల నుండి 1980ల వరకు నత్తలవలన వచ్చే బిల్‌హార్జియా అనే వ్యాధిని నిర్మూలించాలని ప్రభుత్వమే ఊరూరా సూదులు వేయించినది. సదుద్దేశంతో చేసిన పనియే. సరిగా శుద్ధిచేయని సిరంజిల వలన లక్షలాది మందికి హెపటైటిస్ సి అంటుకొన్నది. ప్రపంచంలోనే అత్యధికంగా ఈ వ్యాధి ఉన్న దేశమయినది. అదే ఈజిప్టు 2018 అక్టోబరులో మొదలుపెట్టి, ఏడు నెలలలో సుమారు 5 కోట్లమందికి పరీక్ష చేయించి, ఉన్నవారందరికీ ఉచితంగా మందిచ్చినది. 2023 అక్టోబరులో, నిర్మూలన మార్గంలో అందరికంటె ముందున్న దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినది. మన దేశంలో కూడ 2018 జులై 28న జాతీయ కార్యక్రమం ఆరంభమయినది. నిర్ణీత ప్రభుత్వాసుపత్రులలో పరీక్ష, మందు ఉచితం. మేము లక్షా ఇరువది వేలు పెట్టి కొన్న మాత్రలు నేడు పైసా లేకుండా లభిస్తాయి. బి రకానికి వలె దీనికి టీకా మాత్రం లేదు; ఈ వైరసు తన రూపు మాటిమాటికి మార్చుకొంటూ ఉంటుంది.

వైరసు పోయినంత మాత్రాన గట్టిపడిన కాలేయం మరల పడుచు కాలేయం కాదు. ఇది మాకు 2022లో తెలిసినది. ఆరు నెలలకొకసారి చేయించే అల్ట్రాసౌండులో ఒక చిన్న గడ్డ కనిపించినది. సమయానికి చూచారు గావున, సూదివంటి పరికరాన్ని లోపలికి పంపి దానిని కాల్చివేశారు. అప్పటినుండి స్కాన్ల మధ్య వ్యవధి తగ్గినది. వైరసు ఉన్న కాలంలో ఏ బాధా లేని అమ్మీకి, వైరసు పోయిన తరువాత ఈ నిరీక్షణ వచ్చినది. 1992లోనో, 1995లోనో ఎవరైనా ఒక పరీక్ష చేసి ఉంటే అని అప్పుడప్పుడు అనుకొంటాను. అప్పటికి ఈ మాత్ర లేదు. కాని 2009కీ 2015కీ నడుమ మేము దాచుకొన్న ఆరు సంవత్సరాలకు మాత్రం శాస్త్రం బాధ్యత వహించదు.

ఆ విద్యార్థికి ఇదంతా ఒక మధ్యాహ్నం చెప్పాను. 'రియాక్టివ్' అన్నంత మాత్రాన వైరసు ఉన్నట్లు కాదని, రెండవ పరీక్ష చేయించాలని చెప్పి, నేనే వెంట వెళ్లాను. వైరసు ఉన్నది. కాలేయం చెడలేదు. ప్రభుత్వాసుపత్రిలో పన్నెండు వారాల మాత్రలు ఇచ్చారు. రోజుకు రెండు మాత్రలు. వాడుతూనే పరీక్షలు వ్రాశాడు. మందు ముగిసిన పన్నెండు వారాలకు చేసిన పరీక్షలో వైరసు లేదు. యాంటీబాడీ పరీక్షలో ఇక జీవితాంతం 'రియాక్టివ్' అనియే వస్తుంది గావున, వైరసు లేదన్న ఆ రెండవ కాగితాన్ని భద్రపరచుకొమ్మని డాక్టరుగారు చెప్పారు. తండ్రికి చెప్పడానికి అతనికి నెల పట్టినది. తల్లి వెంటనే తన పరీక్ష కూడ చేయించుకొన్నదని చెప్పాడు. ఫలితం నేను అడుగలేదు.

అమ్మీ స్టీలు గ్లాసు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నది. ఇప్పుడు దానితో మా మేనల్లుడు నీళ్లు త్రాగుతాడు. వాడిది చాల మొండిపట్టు, వేరే గ్లాసు ముట్టడు. వచ్చే నెలలో ఆమెకు మరల స్కాను ఉన్నది. ఎప్పటివలె ఎర్రమంజిల్ స్టేషనులో మెట్రో ఎక్కి నేను తీసుకొని వెళుదామనుకొన్నాను. చెల్లెలు తానే సెలవు పెట్టినది. ఫలితం ఏదైనను ముందు తనకే చెప్పవలెనని డాక్టరుగారికి చెప్పి ఉంచినదట.